కుందసిరి చక్రవర్తి ముక్కు మీద పుట్టుమచ్చ

కుందవంశ స్థాపకుడైన కుందసిరి చక్రవర్తికి ముక్కు మీద ఎడంపక్కన పుట్టుమచ్చ ఉండేదని మీరెక్కడైనా చదివి ఉంటే నన్ను క్షమించాలి. అది నా పుట్టుమచ్చ. ఆయనకి కారం పెట్టిన వంకాయ కూర ప్రాణమనీ, చలికాలంలో కుడి మోకాలు సలిపేదనీ, పట్టపురాణి పేరు రాజ్యలక్ష్మీదేవి అనీ చదివి ఉంటే అవీ మా ఇంట్లోవే. రాజ్యలక్ష్మి మా ఆవిడ. పదిహేడు వందల ఏళ్ళ కిందటి మహానుభావుడి జీవితంలోకి నేను కుటుంబ సమేతంగా ఎలా జొరబడ్డానో, ఎలా గెంటించుకున్నానో చెబుతాను. చెప్పుకుంటే సిగ్గుచేటే. కానీ ఇప్పటికే ఊరందరికీ తెలిసిపోయింది, కొత్తగా పోయే పరువేమీ లేదు.

నా పేరు తాడినాడ భుజంగరావు. కాలేజీలో ముప్ఫై రెండేళ్ళు చరిత్ర చెప్పి, పిల్లలు నిద్రపోతుండగా రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ కూరలు తరగమంటుందన్న భయంతో రాష్ట్ర వంశస్థాపకుల జీవిత చరిత్ర మండలిలో రచయితగా చేరాను. పేరుకి రాష్ట్ర మండలే గానీ, రాజధానిలో వాస్తు కుదిరిన భవనం దొరక్క మా టౌనులో పెట్టారు. రాష్ట్రంలో ఎన్ని రాజవంశాలున్నాయో లెక్క తేల్చి, ఒక్కొక్క స్థాపకుడికీ ఒక్కొక్క జీవిత చరిత్ర రాయించడం మండలి పని.

రాయడమంటే మన ఇష్టం వచ్చినట్టు కాదు. 'నమూనా ఏడు' అని ఒకటుంది. అది మొదట్లో ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి దరఖాస్తు ఫారం. పైన పేరు మార్చి కంప్యూటర్లోకి ఎక్కించారు. అందులో ఇరవయ్యేడు గళ్ళు. పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, బాల్యంలో అల్లరి, అభిరుచులు, ఇష్టమైన వంటకం, ఆరోగ్య పరిస్థితి, ఫోన్ నంబరు, ఇలా పోతుంది. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఉంటే తెర మీద ఎర్రగా మెరుస్తుంది, పుస్తకం ముందుకు కదలదు.

మొదటిరోజే సభ్య కార్యదర్శి నిష్ఠల ఉమాపతిగారి గదికి పరిగెత్తాను.

"అయ్యా, కుందసిరి ఎప్పుడు పుట్టాడో ఎవరికీ తెలియదండీ. 'తెలియదు' అని రాస్తే కంప్యూటర్ తీసుకోవడం లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "భుజంగరావుగారూ! 'తెలియదు' అను సమాధానమును మండలి తన మూడవ సమావేశములోనే నిషేధించినది. ఒక వంశమునే స్థాపించిన వ్యక్తి తన పుట్టినరోజును స్థాపించుకోలేకపోయెననుట మండలి గౌరవమునకు భంగకరము."

"ఫోన్ నంబరు కూడా అడుగుతోందండీ."

"ఉన్నచో ఇవ్వవలెను."

"ఆయనకి ఎలా ఉంటుందండీ?"

"లేనిచో ఆయన తరఫున బాధ్యులైన వారిది ఇవ్వవచ్చును. నిబంధన అందుకు దయతో అనుమతించుచున్నది."

దయ చూపించిన నిబంధనకి దణ్ణం పెట్టి బయటికొచ్చాను.

ఇక్కడ నిజం ఒకటి చెప్పాలి. కుందసిరి గురించి లోకానికి తెలిసింది మొత్తం నాలుగు వాక్యాలు. అవి నేనే చూశాను. నలభై రెండేళ్ళ కిందట, ఎం.ఏ. చదివే రోజుల్లో, మా టౌనుకి మూడు మైళ్ళలో ఉన్న తుమ్మలేటిపాడు చాకిరేవులో చూశాను. అక్కడ బట్టలుతికే పెద్ద బండ ఒకటుంది. అక్షరాలున్న వైపు కిందికి పెట్టి ఉతుకుతారు, ఎందుకంటే అక్షరాల అంచులు బట్టల్ని చింపేస్తాయి. ఏటా వానలు తగ్గి ఏరు తేటపడ్డాక బండ పండగ చేస్తారు. గునపాలు వేసి బండని తిరగేసి, కిందివైపు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మళ్ళీ బోర్లిస్తారు. ఆ పండగనాడు వెళ్ళి, అక్షరాల మీద కాగితం పరిచి మసి అద్ది అచ్చు తీసుకున్నాను.

దాంట్లో ఉన్నదిది: "కుందకులానికి మొదటివాడైన కుందసిరి మహారాజు మాట. ఈ రేవులో బట్టలుతికేవాళ్ళని ఇక్కణ్ణుంచి ఎవరూ లేపరాదు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఇది చెల్లుతుంది. లేపినవాడు..." అంతే. అక్కడ బండ విరిగిపోయింది. లేపినవాడు ఏమవుతాడో ఆ విరిగిన ముక్కతో పాటే ఏట్లో కలిసిపోయింది. నేను తీసిన అచ్చు కూడా మా అలమరలో చెదపురుగులకి పలహారమైంది.

మరి ఈ నాలుగు వాక్యాలూ రాయొచ్చు కదా అంటారు. ఎక్కడ రాయను? నమూనా ఏడులో 'ఏం చేశాడు' అన్న గడి లేదు. అభిరుచులు అన్న గడి ఉంది గానీ, చాకలివాళ్ళని లేపకుండా ఉండటం అభిరుచి కిందికి రాదని ఉమాపతిగారు తేల్చేశారు.

రెండురోజులు తల గోక్కున్నాను. మూడోరోజు గోక్కోవడం మానేసి రాయడం మొదలుపెట్టాను. అద్దంలో చూసుకుని ముఖ కవళికలు, పుట్టుమచ్చలు రాశాను. పుట్టినరోజుకి నా పుట్టినరోజు పెట్టాను. ఇష్టమైన వంటకం దగ్గర ఆగితే వంటింట్లోంచి వంకాయ కూర వాసన వచ్చింది. మిరపకాయ ఈ దేశానికి వచ్చి నిండా అయిదు వందల ఏళ్ళయినా కాలేదని ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేనే. అయినా కారం పెట్టేశాను. బాల్యంలో అల్లరి అన్నచోట మాత్రం కొంచెం నిజం వేద్దామన్న దుర్బుద్ధి పుట్టింది. నాకు తెలిసిన నిజమైన చోటు ఒక్కటే కదా. 'తుమ్మలేటి రేవులో బండమీంచి నీళ్ళలోకి దూకేవాడు' అని రాశాను. అదే కొంప ముంచింది. మిగతా ఇరవయ్యారు అబద్ధాలూ ఎవరికీ ఏ హానీ చేయలేదు.

ఫోన్ నంబరు గడిలో నా నంబరు రాశాను. ఇరవయ్యేడో గడి 'చివరి పలుకులు'. ఓపిక చచ్చి 'అందరూ బాగుండాలి' అని రాశాను. తెర మీద ఎరుపు పోయి పచ్చదనం వచ్చింది. ఆ పచ్చదనం చూసి నాకు కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

పుస్తకం రావడం రావడమే పెద్ద పేరొచ్చింది. బళ్ళల్లో నా పుట్టినరోజున చక్రవర్తి జయంతి చేశారు. హాస్టళ్ళలో ఆ రోజు వంకాయ కూర పెట్టారు. యూనివర్సిటీలో ఒకాయన చక్రవర్తి మోకాలి నొప్పి మీద, ఒకావిడ చక్రవర్తి వంకాయ మీద పరిశోధన చేసి డాక్టరేట్లు పుచ్చుకున్నారు. మండలి అధ్యక్షులు వేమవరపు చక్రధరరావుగారు నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన కట్టుకున్న పంచె, లాల్చీ ఎప్పుడూ మల్లెపువ్వులా ఉండేవి. మా టౌనులో బోరు నీళ్ళు ఉప్పు. ఇంట్లో ఉతికితే తెల్లబట్ట నెలకే పచ్చబడుతుంది. అందుకని కాస్త హోదా ఉన్నవాళ్ళందరి బట్టలూ తుమ్మలేటి రేవుకే వెళ్తాయి. ఆ సంగతి అప్పట్లో నేను పట్టించుకోలేదు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు చాలా బాగుంది. ఫోన్లు కూడా మొదలయ్యాయి. "హలో, చక్రవర్తిగారాండీ?" అని ఒకాయన తన ఊరి రోడ్డు సంగతి గంటసేపు ఏకరువు పెట్టాడు. మూడు ప్రభుత్వాలకి చెప్పాడట, ఎవరూ వినలేదట, మీరైనా వినండి అన్నాడు. విన్నాను. చివర్లో "పరిశీలిస్తాం" అన్నాను కూడా. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ప్రభువులకి దర్బారు ముగిస్తే గిన్నెలు సర్దాలి" అంది.

ఇలా పరిపాలన సాగుతుండగా ఒక పొద్దున ఇంకో ఫోన్ వచ్చింది.

"రాజుగారాండీ?"

"ఆఁ, ఎవరమ్మా?" అన్నాను. అలవాటైపోయింది మరి.

"తుమ్మలేటిపాడు నించి నాంచారమ్మనండీ. రేవు కాడ తమరి పేరుతో బోర్డు పెట్టి, చుట్టూ కంచె యేశారు. నంబరు తమరిదే యేశారు, మా మనవరాలు చదివి నొక్కిచ్చింది. మమ్మల్ని లేపొద్దని చెప్పింది తమరే గదండీ. మళ్ళీ తమరే లేపితే ఎట్టాగండీ?"

 కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

వెంటనే ఆటో ఎక్కి తుమ్మలేటిపాడు వెళ్ళాను. నిజమే. రేవు చుట్టూ ఇనపకంచె. లోపల సిమెంటు బస్తాలు. బోర్డు మీద 'కుందసిరి చక్రవర్తి బాల్యక్రీడా స్మారక స్థలి. చక్రవర్తి దూకిన బండను తాకరాదు. ఇచ్చట బట్టలుతుకుట నేరము. వివరములకు' అని రాసి కింద నా నంబరు. బండని ఉన్నదున్నట్టు సిమెంటు దిమ్మెలో బిగించి, దాని మీద చక్రవర్తి విగ్రహం నిలబెడతారట. ఇరవై రోజుల్లో మంత్రిగారు వచ్చి మొదటి తాపీ సిమెంటు వేస్తారట. అంటే అక్కడ ఉతికి బతికే పన్నెండు కుటుంబాల కూడూ, కుందసిరి చెప్పిన ఆ ఒక్క మాటా కలిపి ఒకే సిమెంటులో పూడ్చిపెట్టబోతున్నారు. రాసింది నేను.

కంచె బయట పన్నెండు ఇళ్ళవాళ్ళూ మూటల మీద కూర్చుని ఉన్నారు. డెబ్భై అయిదేళ్ళుంటాయి నాంచారమ్మకి. నన్ను చూసి కళ్ళు చికిలించింది.

"నువ్వు ఆ మసి పూసిన కుర్రోడివి కాదూ?"

"నీకెలా గుర్తుంది నాంచారమ్మా?"

"ఎందుకు గుర్తుండదు? చొక్కా నిండా మసి చేసుకుని ఏడుపు మొహమెట్టావు. నేనేగా ఉతికి ఆరేసిచ్చింది. కాలరు కింద జీడిరసంతో నీ గుర్తు కూడా ఏశా, రెండు చుక్కలూ ఒక గీతాను." నా మొహంలోకి మళ్ళీ చూసింది. "మా మనవరాలు బళ్ళో చదివిన రాజుగారికున్నట్టే ముక్కు మీద మచ్చ కూడా ఉంది. ఫోన్లో రాజుగారు నువ్వేనన్నమాట."

ఏట్లో దూకుదామనుకున్నాను, కానీ నాకు ఈత రాదు. తప్పైపోయింది నాంచారమ్మా, నేను మండలితో మాట్లాడి కంచె తీయిస్తాను, రాసిందంతా అబద్ధమని చెప్పేస్తాను అన్నాను. ఆవిడ మూటల వంక చూసింది. "త్వరగా చెప్పు పంతులుగారూ, ఊరోళ్ళ మూటలన్నీ మాసి కూకున్నాయి" అంది.

మర్నాడు మండలి అత్యవసర సమావేశంలో లేచి నిలబడి ఒప్పేసుకున్నాను. పుట్టుమచ్చ నాదని ముక్కు చూపించాను. మోకాలు చూపించాను. రాజ్యలక్ష్మి నా భార్య అని చెప్పాను. బండ మీద ఉన్న అసలు మాట చదివాను.

ఉమాపతిగారు ఓపిగ్గా విని, "ఈ విషయములు కల్పితములని తమరు సెలవిచ్చుచున్నారు. ఆధారము?" అన్నారు.

"నేనే కల్పించానండీ."

"అది తమ నోటిమాట. ఈ గ్రంథమును ఆధారముగా గైకొని ఇద్దరు డాక్టరేట్లు పొందినారు. ఒకవైపు ఇద్దరు డాక్టర్లు. మరొకవైపు డాక్టరేటు లేని తమరు. మండలి ఎటు మొగ్గవలెనో తమరే చెప్పుడు."

"పోనీ బండ తిరగేసి చూడండి. అక్షరాలు కిందే ఉన్నాయి."

"రక్షిత స్థలములోని బండను తిరగేయుటకు అనుమతి కావలెను. దాని కింద అక్షరములున్నవని రుజువైనచో అనుమతి లభించును."

"తిరగేస్తేనే కదండీ రుజువయ్యేది?"

"అందులకే అనుమతి కావలెనని మనవి చేయుచున్నాను."

అధ్యక్షులు చక్రధరరావుగారు చల్లగా నవ్వారు. "మీరు అలసిపోయారు భుజంగరావుగారూ. మహారచయితలకి ఇది మామూలే. ఈ ఏడు మీకు 'చరిత్ర విభూషణ' ఇద్దామని అనుకుంటున్నాం. ఇంటికెళ్ళి పడుకోండి."

నేనేం చేశానో తెలుసా? ఇంటికెళ్ళి పడుకున్నాను. రెండురోజులు ఆ బిరుదు నా పేరు ముందు బాగుంటుందా, వెనక బాగుంటుందా అని ఆలోచించాను. మూడోరోజు మండలి నుంచి నోటీసు వచ్చింది. 'తాడినాడ భుజంగరావు అను వ్యక్తి తమ గ్రంథముపై తీవ్ర ఆరోపణలు చేసియున్నాడు. సదరు వ్యక్తి ఉద్దేశములేమిటో ఏడు దినములలో వివరించవలెను' అని ఉంది. నా మీద నేను చేసిన ఫిర్యాదుకి నేనే జవాబు చెప్పుకోవాలి. మా ఆవిడ అది చదివి నవ్వలేదు. "నీ శాలువా బరువుకి పన్నెండు ఇళ్ళు కూలేట్టున్నాయి. వెళ్ళి ఆ పెద్దావిడకి మొహం చూపించిరా" అంది. పెళ్ళైన ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆవిడ నన్ను 'నీ' అనడం అదే మొదటిసారి.

వెళ్ళాను. నాంచారమ్మ తన ఇంటి ముందు మూటలు విప్పి బట్టల గుర్తులు చూసుకుంటోంది. ఒక మూలకి మూడు చుక్కలు, ఒకదానికి త్రిశూలం, ఒకదానికి చేప. ఆవిడకి అక్షరం రాదు గానీ మా టౌను మొత్తం ఆవిడ చేతిరాతతోనే తిరుగుతుంది. ఎవరి బట్టలు వాళ్ళకి ఉతక్కుండానే తిప్పి పంపేస్తోంది. రేవు లేనప్పుడు ఇంకేం చేస్తుంది!

"ఎవరూ వినలేదు నాంచారమ్మా. లేపకూడదని రాజు చెప్పిన సంగతి చదివినా వినలేదు. బండ విరక్కుండా ఉంటే బాగుండేది. లేపినవాడికి ఏ శిక్షో తెలిస్తే కాస్త భయపడేవాళ్ళేమో" అన్నాను.

ఆవిడ చేతిలో బట్ట పక్కన పెట్టి నన్ను వింతగా చూసింది. "తెలవకపోవడమేంటి? బండ పండగ నాడు ఏటా చెప్పుకుంటాంగా."

"ఏం చెప్పుకుంటారు?"

"రేవు మాది కాదు, రాజుది. రాజుది కాదు, ఏటిది. లేపినోడు మాసిన గుడ్డతో సభకు పోతాడు."

నేను అక్కడే మూట మీద కూలబడ్డాను. రాయి మరిచిపోయిన మాట వీళ్ళు మరిచిపోలేదు. నలభై రెండేళ్ళ కిందట ఆ పండగలో ఇవే మాటలు నా చెవిన పడే ఉంటాయి. నేను మసి పూసుకునే హడావుడిలో ఉన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, రాసి ఉన్నదే వినబడుతుంది.

ఇంకా ఆలోచిస్తే నవ్వొచ్చింది. పాత శాసనాల్లో శాపాలు చాలా చూశాను. నరకంలో పడతాడు, పేడలో పురుగవుతాడు అని ఉంటుంది. కుందసిరి అలాంటివేం పెట్టలేదు. ఉతికేవాణ్ణి లేపితే బట్ట మాస్తుంది అన్నాడు, అంతే. ఆ క్షణంలో నాకు ఆయన ఎలాంటివాడో తెలిసింది. పుట్టుమచ్చ సంగతి తెలియదు గానీ, మనిషికి బుర్ర ఉంది.

"ఇప్పుడేం చేద్దాం నాంచారమ్మా?"

"మనం చేసేదేముంది? రాజుగారు చేసుకుంటాడు" అని మూట ముడేసింది.

సభరోజు వచ్చింది. రేవు ఒడ్డున షామియానా, మైకు. బండ పక్కన గుడ్డ కప్పిన విగ్రహం. కంచె అవతల పన్నెండు ఇళ్ళవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ జనం. నేను వేదిక ఎక్కి ఒక్కొక్కళ్ళనీ చూశాను. చక్రధరరావుగారి పంచె మీద పులిహోర పసుపు మరక అరచేయంత ఉంది. కండువాతో కప్పుకుంటే కండువా మీద కాఫీ మరక. ఉమాపతిగారు చొక్కా తిరగేసి తొడుక్కున్నారు, కుట్లు బయటికి కనిపిస్తున్నాయి. సభ్యుల్లో ఒకాయన పెళ్ళినాటి సిల్కు లాల్చీలో ఊపిరాడక ఎర్రబడిపోయాడు. మిగతావాళ్ళు ఉప్పునీళ్ళలో ఉతికిన పచ్చటి బట్టల్లో ఉన్నారు. ఇరవై రోజులు కదా మరి. నా చొక్కా సంగతి అడక్కండి, నేను వాళ్ళకంటే ఘోరంగా ఉన్నాను.

మంత్రిగారు రాజధాని నుంచి తెల్లగా మెరిసిపోతూ దిగారు. వేదిక మీదకి రాగానే ముక్కు ఎగబీల్చి, "ఏమిటయ్యా ఈ అవతారం? ఎవరైనా పోయారా?" అని గుసగుసగా అడిగారు.

"సమయాభావము వలన..." అని ఉమాపతిగారు ఏదో అనబోయారు.

ఈలోపు విగ్రహం గుడ్డ తొలగించారు. జనంలోంచి గుప్పున నవ్వు. ఎందుకంటే కిరీటం కింద ఉన్నది నా మొహం. ముక్కు మీద పుట్టుమచ్చ గోలీకాయంత ఉంది. శిల్పి నమూనా ఏడుని శ్రద్ధగా చదివాడు. కుడి మోకాలు కూడా కాస్త వంచాడు.

చక్రవర్తి జీవితం గురించి నాలుగు మాటలు చెప్పమని నాకు మైకు ఇచ్చారు.  అబద్ధాలు రాసినప్పుడు ఒక్కసారీ తడుముకోలేదు. జనం ముందు మొదటిసారి నిజం చెప్పబోతూ దొంగలా అటూ ఇటూ చూశాను. కంచె అవతల మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ నాంచారమ్మ కనిపించింది.

"చక్రవర్తిగారి చివరి పలుకులు మొదటి ముద్రణలో తప్పు పడ్డాయి. 'అందరూ బాగుండాలి' అన్నది నా మాట. అసలు పలుకులు ఇవి. ఈ రేవులో ఉతికేవాళ్ళని ఎవరూ లేపరాదు. రేవు రాజుది కాదు, ఏటిది. లేపినవాడు మాసిన గుడ్డతో సభకు పోతాడు."

 జనమంతా వేదిక మీదున్న మండలి వైపు చూశారు. పసుపు మరక చూశారు, కుట్లు చూశారు. ముందు వరసలో ఒక ముసలాయన "ఓరి నాయనో, తగిలింది రా!" అని అరిచాడు. ఆ నవ్వుకి షామియానా లేచిపోతుందనుకున్నాను.

ఉమాపతిగారు నా చెవిలో బుసకొట్టారు. "ఆధారమేది?"

"నమూనా ఏడు, ఇరవయ్యేడో గడి. సవరణ ఇప్పుడే ఇస్తున్నాను."

ఆయన మొహం తేటపడింది. "గడిలో ఉన్నదా? అట్లయిన ఇబ్బంది లేదు. ముందే చెప్పవలసినది." బండ మీద ఉందంటే నమ్మనివాళ్ళు గడిలో ఉందంటే నమ్మేశారు.

మంత్రిగారు అప్పటికే తన చేతికిచ్చిన సిమెంటు తాపీ కింద పడేశారు. తన తెల్ల చొక్కా వంక ఒకసారి, చక్రధరరావుగారి పంచె వంక ఒకసారి చూసుకున్నారు. "నేను ఊరికే రేవు చూసిపోదామని వచ్చాను. ఇక్కడెవర్నీ లేపినట్టు నా పేరు ఎక్కడా రాకూడదు. ఆ కంచె ఎవరు వేయమన్నారయ్యా?" అన్నారు. ఎవరూ వేయమనలేదని తేలింది. ఎవరూ వేయమనని కంచెని తీయడానికి అనుమతి అక్కర్లేదు కదా. సాయంత్రానికల్లా తీసేశారు. విగ్రహాన్ని మండలి ఆఫీసు మెట్ల కింద పెట్టారు. రోజూ దాన్ని దాటుకుంటూ వెళ్ళలేక నేను రాజీనామా ఇచ్చాను. రాజీనామా ఫారంలో కూడా పుట్టుమచ్చల గడి ఉంది.

నాంచారమ్మ చెప్పిన ఆ చివరి మాటకి ఆధారం ఉందా అని మీరు అడగొచ్చు. లేదు. విరిగిన ముక్క దొరకలేదు. ఇరవయ్యేడు గళ్ళలో నేను నమ్మేది అదొక్కటే.

వారం తిరక్కుండా చక్రధరరావుగారు మళ్ళీ మల్లెపువ్వయ్యారు. ఉమాపతిగారి చొక్కా కుట్లు లోపలికి వెళ్ళాయి. సంతోషించి నేను కూడా నా మూట పట్టుకుని రేవుకి వెళ్ళాను. బండ మీద దెబ్బలు దబ్‌దబ్‌మని వినిపిస్తున్నాయి. చెవులకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాంచారమ్మ నన్ను చూసి నవ్వింది, ఒడ్డున కూర్చోబెట్టింది, మజ్జిగ ఇచ్చింది. మూట మాత్రం ముట్టుకోలేదు.

"అదేంటి నాంచారమ్మా, మండలి వాళ్ళందరివీ ఉతుకుతున్నావుగా?"

"వాళ్ళకి తెలవదు గదయ్యా. ఎవరో రాశారు, ఎవరో సంతకం పెట్టారు. నువ్వు చదువుకున్నోడివి. బండ కింద ఏముందో చూసినోడివి. తెలిసీ లేపావు." చేతులు కొంగుతో తుడుచుకుంది. నిజంగా బాధపడుతూనే అంది. "నాకేం కోపం లేదు పంతులుగారూ. కానీ అది రాజుగారి మాట. నేను తీసెయ్యలేను."

 మజ్జిగ తాగి, మూట చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడతో చెబితే కనికరిస్తుందనుకున్నాను. "పట్టపురాణులు బట్టలుతకరు" అని బక్కెట్టు చూపించింది.

అందుచేత ఇప్పుడు నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను. బోరు నీళ్ళు, ఉప్పు. చొక్కాలన్నీ చామంతిపువ్వు రంగుకి తిరిగాయి. కుడి మోకాలు వంగదు. కాలరు తిరగేసి రుద్దుతుంటే ఒక పాత చొక్కాకి రెండు చుక్కలూ ఒక గీతా కనిపించాయి, ఎంత రుద్దినా పోలేదు. అప్పుడే ఫోన్ మోగింది. సబ్బు నురగ చేత్తోనే ఎత్తాను.

"హలో, చక్రవర్తిగారాండీ?"

"ఆయన బట్టలుతుక్కుంటున్నారండీ, కాసేపాగి చెయ్యండి" అన్నాను.